గాలి పోయే దారి

బండ్ల పని నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు నన్ను మొదట అడిగేది, ఇంజన్ విప్పడం ఎప్పుడు నేర్పుతారని. జహీరాబాద్‌లో ముప్ఫై ఏళ్లకు పైగా కార్లు బాగుచేశాను. ఇంజన్‌ను పూర్తిగా కిందికి దించిన రోజులు అందులో తక్కువే. దాన్ని దించే అవసరం రాకుండా చూడటమే మెకానిక్ పని అని నాకు అర్థమయ్యేసరికి తల సగం నెరిసింది. అందుకే నా పేరు, ఊరు, ఎక్కడెక్కడ పనిచేశాను అనే సంగతులు పక్కనపెట్టి, నాకు బుద్ధి చెప్పిన ఒక కారు గురించి, ఆ కారు యజమాని గురించి రాస్తున్నాను.

ముందుగా కొత్తవాళ్ల కోసం ఒక్క మాట. పెట్రోలు కంటే గాలే ఇంజన్‌కు ఎక్కువ కావాలి. ఆ గాలి బానెట్ కింద ఒక మూతి దగ్గర లోపలికి వస్తుంది. నల్ల ప్లాస్టిక్ డబ్బాలోకి పోయి, అక్కడ మడతల కాగితం ఫిల్టర్‌లో వడకట్టుకుంటుంది. డబ్బా దాటగానే ఎంత గాలి పోతుందో కొలిచే చిన్న సెన్సర్ ఉంటుంది. ఆ తర్వాత మడతలు మడతలుగా ఉండే రబ్బరు పైపు. పైపు చివర థ్రాటిల్ బాడీ, అంటే మనం కాలితో యాక్సిలరేటర్ నొక్కినప్పుడు తెరుచుకునే రేకు తలుపు. అది దాటితే ఇంజన్. దారి ఇంతే. అయితే ఈ మూరెడు దారిలో నేను చేసినన్ని తప్పులు మిగతా బండి మొత్తంలో చేయలేదు.

తెల్ల గుడ్డ

నాకు పని నేర్పింది మహబూబ్ ఉస్తాద్. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. ఎప్పుడూ జేబులో ఒక తెల్ల గుడ్డ పెట్టుకునేవాడు. ఏ కారు వచ్చినా ముందు రబ్బరు పైపు ఊడదీసి, గుడ్డను వేలికి చుట్టి, పైపు లోపలి గోడను తుడిచి వెలుతురులో చూసేవాడు.

"అరే విఠల్, ఫిల్టర్ బయట ఎంత మట్టి ఉన్నా ఫికర్ లేదు. అది దాని పని అది చేస్తున్నది. ఫిల్టర్ దాటినంక గుడ్డకు రంగు అంటిందనుకో, ఇంజన్ మట్టి తింటున్నట్టు" అనేవాడు.

మా దగ్గర ఆ రంగు చూసి బండి ఎటువైపుదో కూడా చెప్పవచ్చు. ఎర్రగా ఉంటే కోహీర్ వైపు, నల్లగా ఉంటే మా న్యాల్‌కల్ వైపు. ఉస్తాద్ అది చూసి కస్టమర్ నోరు తెరవకముందే ఊరు చెప్పేవాడు. వాళ్లు ఆశ్చర్యపోతుంటే చిన్నపిల్లాడిలా నవ్వేవాడు.

అక్కడ పనిచేస్తున్న రోజుల్లోనే నా మొదటి పెద్ద తప్పు జరిగింది. న్యాల్‌కల్‌లో విత్తనాలమ్మే ఒకాయన కారు ఫిల్టర్‌ను నేను కంప్రెసర్ గాలితో కొట్టి శుభ్రం చేసేవాణ్ని. పైపు మూతిని కాగితానికి ఆనించి పూర్తి జోరుతో ఊదేవాణ్ని. మట్టి మేఘంలా లేస్తుంటే నాకు భలే తృప్తిగా ఉండేది. ఏడాది తిరిగేసరికి ఆ కారు ఇంజన్ లోపల అరిగి, నూనె మండి నీలం పొగ వదలడం మొదలుపెట్టింది. ఉస్తాద్ ఫిల్టర్ తీసి ఎండకు ఎదురుగా పట్టి నన్ను పిలిచాడు. కాగితం నిండా సూదితో పొడిచినట్టు వెలుతురు చుక్కలు. అవన్నీ నేను చేసినవే. ఆయన తిట్టలేదు. "ఇగ నుంచి ప్రతి ఫిల్టర్‌ను ఎండకు పట్టి చూడు. కొత్తదైనా సరే" అన్నాడు. ఇప్పటికీ చూస్తాను.

పాటిల్ సేట్ షెడ్డు

ఉస్తాద్ పోయాక నేను హైవే పక్కనున్న పాటిల్ సేట్ షెడ్డులో చేరాను. సేట్‌ది బీదర్ వైపు. కోపం వస్తే కన్నడంలో, సంతోషం వస్తే తెలుగులో మాట్లాడేవాడు. పనిమంతుడు. నట్టు బిగించేటప్పుడు ఆయన చేతికి ఉన్న తూకం నాకు చివరిదాకా రాలేదు. షెడ్డులో ఎవరికి జ్వరం వచ్చినా తనే దవాఖానకు తీసుకుపోయేవాడు. ఇవన్నీ చెప్పాకే మిగతాది చెప్పాలి.

ఆయనకు ఒక పట్టుదల ఉండేది. కస్టమర్ బానెట్ దగ్గరికి రాకూడదు. కుర్చీలో కూర్చోవాలి, చాయ్ తాగాలి, తాళం తీసుకుని పోవాలి. "గాళ్లకు ఇంజన్ జూపిస్తే అడిగే సవాళ్లు ఎక్కువైతయ్ విఠల్" అనేవాడు. ఇంకొకటి, జబ్బు ఏమిటో తెలియనప్పుడు తెలియదని అనేవాడు కాదు. ఏదో ఒక పార్టు మార్చేవాడు. పదిసార్లలో ఏడుసార్లు సరిపోయేది. మిగతా మూడుసార్లూ బండి తిరిగొచ్చేది, అప్పుడు ఇంకో పార్టు.

నేను అక్కడ చాలా ఏళ్లున్నాను. సేట్‌లోని మంచీ చెడూ రెండూ నాకు అంటుకున్నాయి. ఆయనలాగే త్వరగా పని ముగించడం నేర్చుకున్నాను. ఆ త్వర ఎక్కడికి తెచ్చిందో ఇప్పుడు చెబుతాను.

కోహీర్ టీచరమ్మ

కరుణ టీచర్ కోహీర్ బడిలో సైన్సు చెప్పేది. ఆమె భర్త ఏసుదాస్ కరెంటు డిపార్ట్‌మెంటులో లైన్‌మన్. ఆయన రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు సంగారెడ్డి తీసుకుపోయి డయాలసిస్ చేయించాలి. బస్సులో తిరిగొచ్చేటప్పుడు ఆయన కూర్చోలేకపోతున్నాడని ఆమె డ్రైవింగ్ నేర్చుకుని, ఒక పాత పెట్రోలు కారు కొన్నది. నలభై ఏడో ఏట స్టీరింగ్ పట్టిన మనిషి. బడికి సెలవులు ఎట్లా సర్దుకునేదో నాకు తెలియదు.

ఆ కారును ఒకసారి నేనే సర్వీసు చేశాను. ఫిల్టర్ దులిపి, థ్రాటిల్ బాడీ, పైపు కడిగి ఇచ్చాను. నాలుగు నెలల తర్వాత ఆమె మళ్లీ వచ్చింది.

"విఠలన్నా, బండి కదిలేటప్పుడు దగ్గి ఆగిపోతున్నది. అన్నిసార్లు గాదు, ఒక్కొక్కసారి."

నేను బండి తీసుకుని హైవే మీద పది కిలోమీటర్లు తిరిగొచ్చాను. ఒక్కసారి కూడా ఆగలేదు. సేట్ ట్యాంకులోంచి పెట్రోలు తోడే పంపు మార్చమన్నాడు. మార్చాము. ఆమె తీసుకుపోయింది.

వారం కూడా కాలేదు. ఒక పొద్దున భర్తను పక్కన కూర్చోబెట్టుకుని సంగారెడ్డి బయల్దేరింది. కోహీర్ రోడ్డు హైవేకు కలిసేచోట కొంచెం ఎత్తు ఎక్కాలి. ఆమె ఆగి, రెండు వైపులా చూసి, ఫస్ట్ గేరు వేసి ఎక్కించింది. బండి ముందు సగం హైవే మీదికి రాగానే ఇంజన్ ఆగిపోయింది. అవతల నుంచి లారీ వస్తోంది. తాళం తిప్పితే అంటుకుంటోంది, క్లచ్ వదలగానే ఆగిపోతోంది. లారీ డ్రైవర్ నిలువునా బ్రేకు కొట్టాడు. ఆమె వైపు తలుపుకు రెండు మూరల దూరంలో లారీ ఆగింది. రోడ్డు పక్క హోటల్ దగ్గరున్న జనం పరుగెత్తుకొచ్చి కారును వెనక్కి నెట్టారు.

ఇంకో బండి దొరికి సంగారెడ్డి చేరేసరికి వాళ్ల వంతు దాటిపోయింది. ఆ రోజు డయాలసిస్ సగం సేపే అయింది. తర్వాత రెండు రోజులూ ఏసుదాస్ కాళ్లు వాచి, పడుకుంటే ఊపిరాడక, గోడకానుకునే కూర్చున్నాడట.

మూడో రోజు బండిని తాడుతో లాగించుకుని టీచరమ్మ షెడ్డుకు వచ్చింది. అరవలేదు. అరిచినా బాగుండేది.

రివర్స్‌లో ఆగదు

సేట్ ఒకసారి బండి స్టార్ట్ చేసి, చెవి పెట్టి విని, "ఇంజన్ దించాల్సిందే టీచరమ్మా, లోపల అరిగింది" అన్నాడు.

ఆమె సంచిలోంచి బడి డైరీ తీసింది. వెనక పేజీల్లో గీతలు గీసి పెట్టుకుంది. బండి ఆగిన ప్రతిసారీ ఏ చోటు, ఏ గేరు, బండిలో ఎవరెవరున్నారు, ఎత్తా, చదునైన సాఫు రోడ్డా, అన్నీ రాసుకుంది. సేట్ నవ్వి చాయ్ చెప్పడానికి పోయాడు. నేను డైరీ తీసుకుని చదివాను. నా బతుకులో ఏ కస్టమరూ జబ్బును ఇట్లా రాసుకుని రావడం చూడలేదు.

ప్రతిసారీ ఫస్ట్ గేరే. ప్రతిసారీ ఎత్తు, లేదంటే బండి నిండా మనుషులు. నేను ఒక్కణ్ని సాఫు రోడ్డు మీద తిప్పినప్పుడు ఎందుకు ఆగలేదో అప్పుడర్థమైంది.

"ఇంకొకటి అన్నా. మా ఇల్లు ఎత్తు మీద ఉంటది. రోజూ రివర్స్‌ల ఎక్కిస్త. రివర్స్‌ల ఒక్కసారి గుడ ఆగలే. ఎందుకు గట్ల?"

నాకు జవాబు తెలియలేదు. అంతకుముందైతే ఏదో ఒకటి చెప్పి ఉండేవాణ్ని. లారీ సంగతి విన్నాక నోరు రాలేదు. "తెల్వదు టీచరమ్మా" అన్నాను. చెప్పాక విచిత్రంగా మనసు తేలికైంది. తెలియదని ఒప్పుకుంటేనే మెదడు కదులుతుందేమో.

ఇంజన్ పెట్రోలు లేక ఆగిపోతే రివర్స్‌లోనూ ఆగాలి. అరిగిపోయినా అంతే. ముందుకు పోతేనే ఆగుతోందంటే, ముందుకు పోయేటప్పుడు జరిగేదీ వెనక్కి పోయేటప్పుడు జరగనిదీ ఏమిటి? ఇంజన్‌ను ఇనుముకు ఇనుము పెట్టి బిగించరు. రబ్బరు దిమ్మల మీద కూర్చోబెడతారు. ముందుకు లాగేటప్పుడు అది ఒక పక్కకు ఒరుగుతుంది, వెనక్కి లాగేటప్పుడు రెండో పక్కకు. బరువెక్కువైతే ఎక్కువ ఒరుగుతుంది. దానితోపాటు సాగేది ఏది?

"టీచరమ్మా, జర బండ్ల కూసోండ్రి. బ్రేకు గట్టిగ తొక్కి పట్టి, ఫస్ట్ గేరుల క్లచ్ సగం దాక మెల్లగ ఒదులుండ్రి. హ్యాండ్ బ్రేకు గుడ గుంజుండ్రి" అన్నాను. నేను బండికి ఎదురుగా నిలబడకుండా పక్కన నిలబడి బానెట్ లోపలికి చూశాను. ఆమె క్లచ్ సగం వదలగానే ఇంజన్ ఒరిగింది. రబ్బరు పైపు సాగింది. పైనుంచి చూస్తే పైపు బాగానే ఉంది. దాని కింది వైపు నాకు కనిపించడం లేదు.

"అద్దం ఉన్నదా మీ దగ్గర?"

ఆమె సంచిలోంచి అరచేతి అద్దం ఇచ్చింది. ఫ్యానుకు దూరంగా, పైపు కింద పట్టి, మళ్లీ క్లచ్ వదలమన్నాను. అద్దంలో, పైపు రెండు మడతల మధ్య, చిటికెనవేలంత పగులు నోరు తెరిచినట్టు విచ్చుకుంది. ఇంజన్ దగ్గి ఆగిపోయింది. స్టార్ట్ చేసి రివర్స్ గేరులో అట్లాగే సగం వదలమన్నాను. పగులు గట్టిగా మూసుకుపోయింది. ఇంజన్ నిమ్మళంగా తిరుగుతూనే ఉంది.

"నేను సూస్త, నేను సూస్త" అంటూ ఆమె దిగింది. ఈసారి నేను సీట్లో కూర్చున్నాను, ఆమె అద్దం పట్టుకుంది. వచ్చినప్పటి నుంచి గడ్డకట్టినట్టున్న ఆ మొహం ఒక్కసారిగా విప్పారింది. "అంటే సెన్సర్ లెక్కబెట్టని గాలి పక్కదారిల పోతున్నది గదా! అది తక్కువ గాలి అనుకొని తక్కువ పెట్రోల్ ఇడుస్తున్నది!" అంది. అంత చక్కగా నేను కూడా చెప్పలేను.

స్క్రూడ్రైవర్ గుర్తు

పైపు ఊడదీసి బల్ల మీద పెట్టి మడత విప్పాను. పగులు ఒక చిన్న గాటు దగ్గర మొదలైంది. గాటు చదునుగా, అంగుళంలో పావు వంతు వెడల్పున ఉంది. చదును మూతి స్క్రూడ్రైవర్‌ది. ఆ గాటు నాదే.

నాలుగు నెలల కింద ఆ పైపు ఊడిరాకపోతే చేత్తో తిప్పి తిప్పి తీయాల్సింది. సేట్ "జల్దీ కానీయ్" అంటున్నాడు, బయట ఇంకో రెండు బండ్లున్నాయి. స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తాను. పైగా పైపును సబ్బునీళ్లతో కడిగితే ఆరడానికి ఆలస్యమని పెట్రోలులో ముంచి కడిగాను. పెట్రోలులో రబ్బరు ఉబ్బి సత్తువ పోగొట్టుకుంటుందని నాకు తెలుసు. తెలిసే చేశాను. మహబూబ్ ఉస్తాద్ బతికుంటే ఆ పని చేస్తుండగానే చెయ్యి పట్టుకునేవాడు.

సేట్ వచ్చి గాటు చూశాడు. ఆయనకు చెప్పాల్సిన పని లేకపోయింది. నన్ను పక్కకు పిలిచి, "పైప్ పాతదై పగిలిందని చెప్పు. పాత బండే గదా. అబద్ధం గుడ గాదు" అన్నాడు.

నిజానికి అది పూర్తి అబద్ధం కాదు. పైపు పాతదే. ఆ మాట నాకు ఎంత సులువుగా ఉండేదో దాచను. చెబితే పని పోవచ్చు, పేరు పోవచ్చు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. కానీ ఆమె డైరీలో ప్రతి వరసా నిజం రాసుకుని నా చేతిలో పెట్టింది. నేను అందులో ఆఖరి వరస తప్పు రాయాలి. అది నావల్ల కాలేదు.

పోయి చెప్పాను. "టీచరమ్మా, ఈ గాటు నేను పెట్టిందే. జల్దిల స్క్రూడ్రైవర్ పెట్టి గుంజిన. పెట్రోల్ల కడిగిన. తప్పు నాది."

ఆమె పైపును చేతిలోకి తీసుకుని గాటు మీద వేలు పెట్టి చూసింది.

"ఆ లారాయన జర ఆలస్యంగ బ్రేక్ కొడితే మేమిద్దరం ఉండకపోతుంటిమి విఠలన్నా."

"అవునమ్మా."

"నువ్వు చెప్పకపోతే నాకు తెల్వకపోవు."

ఆమె పైపును బల్ల మీద పెట్టి, "ఇగ నుంచి నా బండిని నేనే జూసుకుంట. ఆదివారం చర్చి అయినంక మా ఇంటికి రా. నాకు నేర్పాలె. ఒక్కటి గుడ దాచొద్దు" అంది.

పాటిల్ సేట్ అన్నీ విన్నాడు. నాతో ఒక్క ముక్క మాట్లాడలేదు. కొత్త పైపు తెప్పించి, నన్ను పక్కకు జరిపి తనే బిగించాడు. క్లిప్పును ఎంత బిగించాలో అంతే బిగించి, వేలితో ఒకసారి తిప్పి చూసి, చెయ్యి తుడుచుకుని పోయాడు. నాలుగు రోజుల తర్వాత ఏమీ జరగనట్టు మాట్లాడటం మొదలుపెట్టాడు. కస్టమర్లను మాత్రం బానెట్ దగ్గరికి చివరిదాకా రానివ్వలేదు. ఆయనది మోసం అనుకోను. భయం. అడిగితే చెప్పలేనేమోననే భయం. నాకూ అదే ఉండేది కాబట్టి గుర్తుపట్టగలను.

జామచెట్టు కింద ఆదివారం

ఆదివారం కోహీర్ పోయాను. బండిని జామచెట్టు నీడలో పెట్టి ఉంచారు. ఏసుదాస్ కుర్చీ వేయించుకుని పక్కనే కూర్చున్నాడు. ఆమె చీర కొంగు బొడ్లో దోపుకుని, డైరీ, పెన్ను సిద్ధంగా పెట్టుకుంది.

ఇంట్లో చేసుకోవాలనుకునేవాళ్లకు ఆ రోజు నేను చెప్పినవే ఇక్కడ చెబుతున్నాను. ఇంజన్ చల్లారాలి, తాళం బయట ఉండాలి. డబ్బా మూత తీసి ఫిల్టర్ ఎత్తేముందు చుట్టూ ఉన్న మట్టిని తుడవాలి, లేకపోతే మనమే లోపల పడేస్తాం. ఫిల్టర్ తీశాక పైపు నోటికి శుభ్రమైన గుడ్డ అడ్డం పెట్టి, అప్పుడు డబ్బాను తడి గుడ్డతో తుడవాలి. ఆ అడ్డం పెట్టిన గుడ్డ తీయడం మరచిపోకూడదు. నవ్వకండి, నేను రెండుసార్లు మరచిపోయాను. కాగితం ఫిల్టర్‌ను నీళ్లతో కడగకూడదు. చేతి మీద మెల్లగా తట్టాలి. ఊదాలంటే శుభ్రంగా ఉన్న వైపు నుంచి, దూరంగా, మెల్లగా. ఎండకు పట్టి చూడాలి. చిల్లి కనిపిస్తే, నూనె అంటితే, మడతలు నల్లబడితే మార్చేయాలి.

పైపును సబ్బునీళ్లతో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. ప్రతి మడతనూ విప్పి చూడాలి, కింది వైపు ముందు చూడాలి. సెన్సర్‌లో వెంట్రుక కంటే సన్నటి తీగ ఉంటుంది. దానికోసమే అమ్మే స్ప్రే తప్ప వేరేది కొట్టకూడదు, వేలు కానీ దూది కానీ తగలకూడదు. థ్రాటిల్ బాడీకి దాని క్లీనర్ విడిగా దొరుకుతుంది. దాన్ని లోపల కుమ్మరించకుండా గుడ్డకు కొట్టి మసిని తుడవాలి. కొత్త బండ్లలో ఆ రేకును వేలితో బలవంతంగా తోస్తే లోపల మోటారు పాడవుతుంది. తుడిచాక కొద్దిసేపు ఇంజన్ ఎక్కువ తక్కువలుగా తిరగవచ్చు. కాసేపు ఊరికే నడవనిస్తే సర్దుకుంటుంది. సర్దుకోకపోతేనే షెడ్డుకు.

ఇవన్నీ ఆమె ఒక్కసారి వింటే పట్టుకుంది. నన్ను ఆపింది మాత్రం ఒక్క ప్రశ్నతో.

"కాగితాన్ని ఇన్ని మడతలు ఎందుకు పెట్టిన్రు అన్నా?"

"గట్లనే వస్తది టీచరమ్మా" అన్నాను.

"క్లాసుల పిల్లలు గట్లనే చెప్తే నేను మార్కులెయ్య" అని నవ్వి, పాత ఫిల్టర్ అంచును కత్తితో కోసి, కాగితాన్ని విప్పడం మొదలుపెట్టింది. మడత తర్వాత మడత. ఒక కొస ఏసుదాస్ చేతికిచ్చి తను వెనక్కి నడిచింది. నేను జామచెట్టు దగ్గర నుంచి చూస్తున్నాను. రెండు చేతుల్లో పట్టే ఆ వస్తువు చెట్టు దగ్గర మొదలై వాకిట్లో సిమెంటు తొట్టి దాకా పరుచుకుంది. వేల ఫిల్టర్లు తీశాను, పెట్టాను, ఊదాను. ఒక్కదాన్ని కూడా విప్పి చూడాలని నాకెన్నడూ తోచలేదు.

ముగ్గురం దాని మీదికి వంగాము. అంతటా ఎర్రమట్టి. మడతల మొదళ్లలో పత్తి నూగు, కంది పొట్టు, ఒక చిన్న తేనెటీగ రెక్క. "ఇది పత్తి తీసే దినాల్ల పట్టింది. ఇది కంది కొట్టే దినాల్ల" అని ఆమె వేలు పెట్టి చూపించింది.

ఏసుదాస్ కాగితాన్ని వేళ్ల మధ్య రుద్ది చూశాడు. "నా డయాలసిస్ మిషిన్ల గుడ ఒక గొట్టముంటది విఠలన్నా. అండ్ల వెంట్రుకల్లెక్క సన్న పోగులు, వేలకొద్ది. చిన్నగున్న డబ్బల ఎక్కువ జాగ పట్టాలెనని గట్ల చేసిన్రని ఆడున్న సిస్టర్ చెప్పింది. గిది గుడ గదే" అన్నాడు. తన జబ్బు గురించి ఆయన తన మీద జాలి పడకుండా మాట్లాడటం అప్పుడే మొదటిసారి విన్నానని టీచరమ్మ తర్వాత చెప్పింది.

ఆ నెల నుంచి ఆ పని ఏసుదాస్‌ది అయింది. స్తంభాలెక్కిన మనిషి, కుర్చీలో కూర్చుని ఫిల్టర్ డబ్బా తుడిచేవాడు. డయాలసిస్ లేని రోజుల్లో, ఒంట్లో సత్తువ ఉన్నంతసేపు. ఆమె అడ్డుపడలేదు.

నేను అనుకునేది

పనిలోకి వస్తున్నవాళ్లకు మొహమాటం లేకుండా ఒకటి చెబుతాను. బండి జబ్బు మీకంటే యజమానికే ఎక్కువ తెలుసు. మీకు పది నిమిషాలు కనిపించే బండితో వాళ్లు రోజూ బతుకుతారు. వాళ్ల మాటలు తికమకగా ఉంటాయి, "గుర్‌మంటున్నది", "మబ్బుగ పోతున్నది" అంటారు. అడిగి అడిగి తెలుసుకోవాలి. ఎక్కడ, ఎప్పుడు, ఎంత బరువుతో, ముందుకా వెనక్కా. టీచరమ్మ డైరీ చదివాక నేను ప్రతి కస్టమర్‌నూ అడిగిన మొదటి ప్రశ్న, "ఎప్పుడు ఆగదు?" అని. ఎప్పుడు ఆగుతుందో అందరూ అడుగుతారు.

ఇప్పుడు కంప్యూటర్ తగిలిస్తే తప్పు నంబరు చూపిస్తుంది. మంచిదే, వాడండి. కానీ అది "గాలి లెక్క కుదరడం లేదు" అనే చెబుతుంది. పైపు కింద అద్దం పట్టదు.

సన్నటి కూత

నేను పని మానేసి కొంతకాలమైంది. పోయిన నెల ఏసుదాస్ ఫోన్ చేశాడు. "విఠలన్నా, బండిల సన్నగ విజిల్ వస్తున్నది. పైప్ జూసిన, మంచిగనే ఉన్నది. జర వస్తవా?"

పోయాను. ఆయన బాగా సన్నబడ్డాడు, అయినా లేచి నిలబడ్డాడు. టీచరమ్మ బండి స్టార్ట్ చేసింది. నేను బానెట్ మీదికి వంగి విన్నాను. ఇంజన్ శబ్దం తప్ప ఏమీ లేదు.

"వినబడుతున్నదా అన్నా?" అందామె.

"ఏ దిక్కు?"

"గదే, ఈల లెక్క!" భార్యాభర్తలిద్దరూ ఒకేసారి అన్నారు. తల ఇటు తిప్పాను, అటు తిప్పాను. చెవి దగ్గరగా పెట్టాను. నాకు ఏమీ వినిపించలేదు. ఏళ్ల తరబడి షెడ్డులో కంప్రెసర్ పక్కన, సుత్తి దెబ్బల పక్కన నిలబడ్డ చెవులు. ఇంట్లో ఫోన్ మోగినా వినడం లేదని నా భార్య ఏడాదిగా అంటూనే ఉంది. నేను ఒప్పుకోలేదు.

ఊ కొట్టి, "ఆఁ, వస్తున్నది" అని ఏదో ఒక చోట వేలు పెట్టవచ్చు. ఆ మాట నాలుక దాకా వచ్చింది.

"నాకు వినబడ్తలేదు" అన్నాను. "సన్న చప్పుడు నా చెవులకు అందుతలేదు ఏసుదాసన్నా. ఏడుందో నువ్వే చెప్పు."

ఆయన బండి దగ్గరికి జరిగాడు. తర్వాత ఒక మూరెడు ప్లాస్టిక్ గొట్టం తీసుకుని, ఒక కొస చెవిలో పెట్టుకుని, రెండో కొసను ఇంజన్ మీద మెల్లగా తిప్పుతూ పోయాడు. రబ్బరు పైపు దాటి, థ్రాటిల్ బాడీ దాటి, దాని వెనకున్న పెన్సిలంత సన్నటి గొట్టం దగ్గర ఆగాడు. చెవి గొట్టం పక్కన పెట్టి, నా చెయ్యి పట్టుకుని, నా చూపుడువేలిని ఆ సన్న గొట్టం పగిలిన అంచుకు ఆనించాడు.

చీమ కరిచినంత సన్నగా, గాలి నా వేలి చర్మాన్ని లోపలికి లాగింది.

"ఈల ఆగింది" అంది టీచరమ్మ సీట్లోంచి.

నేను వేలు తీయలేదు.